రాజ్మా సూపు: ఎన్ని కూతలొచ్చినా గింజ మెత్తబడటం లేదు, కారణం చెప్పగలరా?

వేపచెట్టు నీడ (నిజాంపేట) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి డెబ్బై ఆరేళ్లు. పోయిన నెలలో పై వరుస పళ్లన్నీ తీసేశారు. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు అమరుస్తారట, దానికి ఇంకా మూడు నెలలు పడుతుంది. ఆయన మాంసం, గుడ్డు ముట్టరు. పాలు పడవు. మెత్తగా ఉండి బలమిచ్చేది పెట్టమని పళ్ల డాక్టరుగారు చెప్పారు. పప్పన్నం, జావ తిని తిని ఆయనకు విసుగొచ్చింది. అందుకని రాజ్మాతో సూపు మొదలుపెట్టాను.

వారంలో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ కుదరలేదు. రాత్రంతా నానబెట్టి, పొద్దున టమాటా ముక్కలు, ఉప్పు వేసి ఎనిమిది కూతలు రానిచ్చాను. గింజను వేళ్ల మధ్య నొక్కితే తొక్క జారుతోంది గానీ లోపల సుద్దముక్కలా తెల్లగా విరుగుతోంది. మిక్సీలో వేసినా నాలుకకు ఇసుక తగిలినట్టే ఉంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. సగం తాగి గిన్నె పక్కన పెట్టి "చాలమ్మా" అన్నారు. ఆ మాట తలచుకుంటూ రాత్రి నిద్రపోలేదు.

సెప్టెంబరు వరకు చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. అక్కడ ఇదే కుక్కర్‌లో, ఇదే కొలతతో వండితే రాజ్మా వెన్నలా ఉడికేది. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

తార్నాక తాతయ్య | సోమవారం, రాత్రి 10:15

అమ్మా, కుక్కర్ మారలేదు, కొలత మారలేదు, చెయ్యి మారలేదు. నీళ్లు మారాయి. నిజాంపేటలో మీకు వచ్చేది బోరు నీళ్లేనా? నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? సబ్బు నురగ రావడానికి మొరాయిస్తోందా? చూసి చెప్పండి.

వేపచెట్టు నీడ | సోమవారం, రాత్రి 10:32

అవునండీ, మీరు పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. ఇప్పుడే గిన్నె అడుగు గోటితో గీకాను, పొలుసులు పొలుసులుగా లేచింది. తాగడానికి ఫిల్టరు ఉంది. వంటకు మాత్రం కుళాయి నీళ్లే వాడుతున్నాను.

తార్నాక తాతయ్య | సోమవారం, రాత్రి 11:05

అయితే సగం కారణం దొరికింది. ముప్ఫై ఏళ్లకు పైగా రసాయన శాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని, కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు పదార్థం ఉంటుంది. దాన్ని పెక్టిన్ అంటారు. వేడికి అది కరిగితేనే గింజ విచ్చుకుంటుంది. బోరు నీళ్లు రాతి పొరల్లో నిలవ ఉండి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కలుపుకొని పైకి వస్తాయి. ఆ కాల్షియం పెక్టిన్‌ను పట్టుకుని కరగకుండా బిగిస్తుంది. మీరు నానబెట్టినదీ ఆ నీళ్లలోనే, ఉడికించినదీ ఆ నీళ్లలోనే. రాత్రి ఎనిమిది గంటలు గింజ తాగింది ఆ కాల్షియాన్నే.

రెండో కారణం టమాటా. పులుపు తగిలితే ఆ జిగురు ఇంకా మొండికేస్తుంది. టమాటా, చింతపండు, నిమ్మరసం, ఏ పులుపైనా సరే గింజ పూర్తిగా ఉడికిన తరువాతే పడాలి.

ఇంకో మాట. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లోపల మాత్రం వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. అందుకే మొండి గింజకు కుక్కరే నయం. కానీ ఆ వేడి కూడా మీ బోరు నీళ్ల ముందు ఓడిపోయింది.

పోపుల పెట్టె (మల్కాజిగిరి) | మంగళవారం, ఉదయం 6:20

ఇంత ఆలోచన ఎందుకండీ, చిటికెడు వంట సోడా వేస్తే గింజ ఇట్టే ఉడికిపోతుంది. పెళ్లిళ్లలో శనగలకు అలాగే వేస్తారు. ఇంకొకటి, ఉప్పు ముందు వేయకండి. ఉప్పు పడితే గింజ బిగుసుకుంటుందని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది.

గింజల బుట్ట (సైనిక్‌పురి) | మంగళవారం, ఉదయం 7:48

సోడా వేస్తే ఉడుకుతుంది, నిజమే. కానీ గింజలో ఉండే బి1 విటమిన్ చాలావరకు పోతుంది, చిటికె ఎక్కువైతే సూపుకు సబ్బు రుచి వస్తుంది. బలం కోసం పెద్దాయనకు పెడుతున్న సూపు ఇది. నా మట్టుకు నేను వేయను.

ఉప్పు సంగతిలో మాత్రం అమ్మగారి మాటకు ఎదురు చెప్పక తప్పడం లేదు, క్షమించండి. మా ఇంట్లోనూ అదే నమ్మకం ఉండేది. ఒకసారి ఒకే పొట్లంలోని రాజ్మాను రెండు గిన్నెల్లో నానబెట్టాను. ఒకదానిలో వట్టి నీళ్లు, రెండోదానిలో లీటరుకు ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపిన నీళ్లు. పొద్దున రెంటినీ కడిగి, విడివిడిగా, ఒకే సమయం ఉడికించాను. ఉప్పు నీళ్లలో నానినవే మెత్తగా, తొక్క చిట్లకుండా ఉడికాయి. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియాన్ని పక్కకు నెట్టి ఆ చోట కూర్చుంటుందని తరువాత తెలిసింది. అప్పటి నుంచి నానబెట్టే నీళ్లలోనే ఉప్పు వేస్తున్నాను. నానాక ఆ నీళ్లు పారబోసి బాగా కడుగుతాను కాబట్టి సూపు ఉప్పన కాదు.

పోపుల పెట్టె | మంగళవారం, ఉదయం 8:10

మీరు రెండు గిన్నెలు పెట్టి చూశారు, నేను విన్నమాట చెప్పాను. ఈ ఆదివారం నేనూ చేసి చూస్తాను.

బేగంబజారు కొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మాది మూడు తరాలుగా పప్పుల వ్యాపారం. నీళ్ల సంగతి తాతయ్యగారు బాగా చెప్పారు. గింజ వయసు గురించి కూడా ఆలోచించాలి. రాజ్మా ఏడాదికి మించి నిలవ ఉంటే, అందులోనూ ఎండ, చెమ్మ తగిలే చోట ఉంటే, ఎంత నానినా ఎంత ఉడికినా లోపల ఆ సుద్ద అలాగే ఉండిపోతుంది. కొండ ప్రాంతాల రాజ్మా వానలు వెనకబట్టాక కోతకు వస్తుంది. కాబట్టి చలికాలంలో కొత్త సరుకు అడిగి తీసుకోండి.

చూసే పద్ధతి చెబుతాను. కొత్త గింజకు నూనె రాసినట్టు నిగనిగ ఉంటుంది. పాతది మసక బారి, ముడత పడి ఉంటుంది. గుప్పెడు గింజలు నానబెట్టి నాలుగు గంటల తరువాత చూడండి. కొన్ని ఉబ్బి, కొన్ని రాయిలా అలాగే ఉన్నాయంటే కొత్త పాత కలిపిన సరుకన్నమాట. కలిపిన సరుకు ఎప్పుడూ సమంగా ఉడకదు. ముదురు రంగు పెద్ద రాజ్మా కన్నా, చుక్కలుండే చిత్ర రాజ్మా గానీ, జమ్మూ నుంచి వచ్చే చిన్న గింజ గానీ సూపుకు మేలు. తొక్క పలచన.

కొత్త కుంపటి (గచ్చిబౌలి) | మంగళవారం, రాత్రి 8:05

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. నేను ఒంటరిగా ఉంటాను. సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ ఒకటి కొన్నాను. నానబెట్టిన రాజ్మా, నీళ్లు అందులో పోసి, తక్కువ వేడి మీద పెట్టి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చి గింజ కొరికితే కాస్త గట్టిగా ఉంది, ఆకలి మీద అలాగే తిన్నాను. రెండు గంటలు తిరగకుండా వాంతులు పట్టుకున్నాయి. రాత్రంతా గోడ పట్టుకుని నడిచాను. పాడైపోయిన గింజలనుకుని ఆ పొట్లమంతా పారేశాను. కారణం అదేనా?

తార్నాక తాతయ్య | మంగళవారం, రాత్రి 8:40

నాయనా, పాడైన గింజ కాదు. ఇది ప్రతి ఇంట్లోనూ తెలియవలసిన విషయం. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎర్ర రాజ్మాలో మరీ ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు నమిలినా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. బాగా మరిగితే అది విరిగిపోతుంది. మీ కరెంటు కుండ తక్కువ వేడి మీద నీళ్లను మరగనివ్వదు. గింజ గోరువెచ్చగా మెత్తబడుతుంది గానీ విషం అలాగే ఉంటుంది, ఒక్కోసారి పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది.

రాజ్మాను కనీసం ఐదు గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లలో తెర్లుతూ అరగంట మరగనివ్వండి, లేదా కుక్కర్‌లో పూర్తిగా ఉడికించండి. ఆ తరువాత కావాలంటే మీ కుండలో పెట్టుకోండి.

కొత్త కుంపటి | మంగళవారం, రాత్రి 8:52

ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది తాతయ్యగారూ. మా గదుల్లో ఇంకో ఇద్దరి దగ్గర అలాంటి కుండలే ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి చెబుతాను.

మట్టికుండ (అంబర్‌పేట) | బుధవారం, ఉదయం 5:50

వేపచెట్టు నీడ అమ్మాయ్, ఒక్కటి అడుగుతాను. గింజ ఉడికిన నీళ్లు ఏం చేస్తున్నావు?

వేపచెట్టు నీడ | బుధవారం, ఉదయం 6:15

వంపేస్తున్నానండీ. గ్యాస్ వస్తుందని ఎక్కడో చదివాను. తరువాత బజారులో దొరికే సూపు పొడి కలిపిన నీళ్లు పోసి మరిగిస్తాను.

మట్టికుండ | బుధవారం, ఉదయం 7:30

అదే అనుకున్నాను. తల్లీ, నువ్వు సూపును వంపేసి, ఉప్పు నీళ్లలో గింజలు వేసి పెడుతున్నావు.

మన ఇళ్లలో కట్టు అనే మాట ఉంది. పప్పు ఉడికాక పైన తేరే చిక్కని నీళ్లే కట్టు. పప్పుకట్టుతో చారు కాస్తాం. ఉలవలు ఉడికిన కట్టును గంటల తరబడి మరగబెడితే అది ఉలవచారు. గింజలోని సారం, రుచి, చిక్కదనం అంతా ఆ నీళ్లలోకే దిగుతుంది. పారబోయవలసింది నానిన నీళ్లు. గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత అందులోకి పోతాయి. ఉడికిన నీళ్లు దాచుకోవలసినవి. బేరం తారుమారైంది, అంతే.

ఇరవై రెండేళ్లు ఒక ఆడపిల్లల హాస్టల్లో వండాను. జ్వరం వచ్చిన పిల్లలకు ఇదే పెట్టేదాన్ని. నలుగురికి సరిపోయే కొలత చెబుతాను.

రాజ్మా ఒక కప్పు. ఫిల్టరు నీళ్లలో ఉప్పు వేసి రాత్రి నానబెట్టు. పొద్దున కడిగి, కొత్త ఫిల్టరు నీళ్లు నాలుగున్నర కప్పులు పోసి మూత లేకుండా పది నిమిషాలు తెర్లనివ్వు. పైన బూడిద రంగు నురగ తేలుతుంది, గరిటెతో తీసేయ్. ఒక బిర్యానీ ఆకు, చిటికెడు ఇంగువ వేసి మూత పెట్టు. మొదటి కూత రాగానే మంట బాగా తగ్గించి పాతిక నిమిషాలు ఉంచు. కూతలు లెక్కపెట్టకు. పెద్ద మంట మీద వచ్చే ఎనిమిది కూతలకూ సన్నని మంట మీద పాతిక నిమిషాలకూ పోలిక లేదు. ఆవిరి దానంతట అది దిగేదాకా మూత ముట్టుకోకు.

తరువాత ఒక గింజను చెంచాలోకి తీసుకుని దాని మీద ఊదు. తొక్క ముడుచుకుని లేచిందంటే ఉడికినట్టు. అలా ఐదు గింజలు చూడు. ఒక్కటి లేవకపోయినా ఇంకో పది నిమిషాలు పెట్టు. మా పిల్లలకు ఈ పని ఎంత ఇష్టమో, వంటింటి గుమ్మం దగ్గర వరుసగా నిలబడి ఊదేవారు.

వేరే గిన్నెలో చెంచాడు నెయ్యి, అర చెంచా జీలకర్ర, చిన్న అల్లం ముక్క తురుము. సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి వేసి సన్నని మంట మీద పది నిమిషాలు మగ్గనివ్వు. ఉల్లి ఎర్రబడకూడదు, తీయగా కరగాలి. ఈ పది నిమిషాల దగ్గర తొందరపడితే సూపు చప్పగా ఉంటుంది, ఆ లోటు తీర్చుకోవడానికే అందరూ పొడులు వేస్తారు. ఒక క్యారెట్ తురిమి వేయి. కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేయి, ఆకులన్నీ పక్కన ఉంచు. అది మగ్గాక గింజలు, కట్టు అంతా పోయి. మూడో వంతు గింజలను పప్పుగుత్తితో గిన్నె గోడకేసి మెదుపు. పిండి, మీగడ ఏమీ అక్కర్లేదు, చిక్కదనం అదే వస్తుంది. ఇప్పుడు ఒక టమాటా గుజ్జు, ఉప్పు, దంచిన మిరియాలు. పది నిమిషాలు మరిగించి దింపు. దింపాక నాలుగు చుక్కల నిమ్మరసం, కొత్తిమీర ఆకు.

మీ మామగారికి మాత్రం మొత్తం మెదిపి, జాలిలో గరిటెతో తిప్పుతూ వడకట్టు. తొక్కలు పైన మిగిలిపోతాయి. చిగుళ్ల మీద తొక్క అంటుకుంటే పెద్దవాళ్లకు చాలా ఇబ్బంది, వాళ్లు చెప్పరు.

గింజల బుట్ట | బుధవారం, ఉదయం 9:00

మట్టికుండ అమ్మగారూ, కట్టు అన్న మాట విని ఎన్నాళ్లయిందో. బలం సంగతి అడిగారు కాబట్టి ఒక లెక్క. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు రాజ్మాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కప్పు రాజ్మాను నలుగురు పంచుకుంటే మనిషికి తొమ్మిది పది గ్రాములు. పక్కన మెత్తని అన్నమో, రాగి జావో ఉంటే ఒకదానిలో తక్కువైనది రెండోది పూరిస్తుంది.

ఉప్పల్ వాన | బుధవారం, మధ్యాహ్నం 1:20

ఒక్క హెచ్చరిక రాయనివ్వండి. మా అమ్మ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతుంది. రాజ్మాలో పొటాషియం ఎక్కువ, అది నీళ్లలోకి దిగుతుంది. అందరికీ బలమైన ఆ కట్టే మా అమ్మకు ప్రమాదం. మేము ఉడికిన నీళ్లు వంపేసి, గింజలు కూడా డాక్టరుగారు చెప్పిన కొలత మేరకే పెడతాం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ సూపు పెట్టే ముందు తప్పకుండా వైద్యులను అడగండి.

మట్టికుండ | బుధవారం, మధ్యాహ్నం 1:45

మంచి మాట చెప్పావమ్మా. నాకు తట్టలేదు. అమ్మ జాగ్రత్త.

మదనపల్లె ఆడపడుచు (కూకట్‌పల్లి) | బుధవారం, రాత్రి 9:10

రాజ్మాతోనే ఎందుకు, ఇది అనపకాయల కాలం కదా! మా వైపు చలికాలం వచ్చిందంటే పితికిన పప్పు. అనపకాయలు ఒలిచి, గింజలు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచుతాం. పొద్దున ఒక్కో గింజను బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టి నొక్కితే లోపలి పప్పు టప్పుమని గిన్నెలోకి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటే అరగంట పని. చేతివేళ్లకు పట్టిన ఆ పచ్చి వాసన సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. నాకు పుట్టిల్లు అంటే ఆ వాసనే.

తొక్క లేదు కాబట్టి కుక్కర్ కూడా అక్కర్లేదు, గిన్నెలో పావుగంటకు మెత్తబడుతుంది. జీలకర్ర, మిరియాలు, అల్లం, రెండు చెంచాల పచ్చికొబ్బరి నూరి కలపండి. పళ్లు లేని పెద్దవాళ్లు నాలుకతో నొక్కుకుని తినగలరు. వడకట్టే పని లేదు.

వేపచెట్టు నీడ | శుక్రవారం, రాత్రి 8:30

ఏం జరిగిందో చెబుతాను. గింజల బుట్టగారి లాగా నేనూ గిన్నెలు పెట్టాను, మూడు. మొదటిదానిలో నా దగ్గరున్న పాత రాజ్మా, బోరు నీళ్లు. రెండోదానిలో అదే రాజ్మా, ఫిల్టరు నీళ్లు. మూడోదానిలో నిన్న కొత్తగా తెచ్చిన చిత్ర రాజ్మా, ఫిల్టరు నీళ్లు. ఒక్కో గిన్నెలో ఇరవై గింజలు. మూడింటినీ పెద్ద కుక్కర్‌లో ఒకేసారి, సన్నని మంట మీద పాతిక నిమిషాలు ఉంచాను.

మొదటి గిన్నెలో ఊదితే ఒక్క తొక్క లేవలేదు. రెండోదానిలో పదకొండు లేచాయి, మిగతావి లోపల కాస్త పలుకుగా ఉన్నాయి. మూడోదానిలో ఇరవైకి ఇరవై. అంటే నీళ్లూ కారణమే, పాత గింజా కారణమే. తాతయ్యగారూ, కొట్టు గారూ, ఇద్దరూ నిజమే చెప్పారు.

ఈ రోజు మధ్యాహ్నం మట్టికుండ అమ్మగారి పద్ధతిలో సూపు చేశాను. పొడి వేయలేదు. కట్టు రంగు చూస్తేనే తెలిసిపోయింది, లేత ఇటుక రంగులో, గరిటెకు అంటుకుంటూ జారింది. మామయ్యగారు గిన్నె రెండు చేతులతో పట్టుకుని కొసదాకా తాగారు. తరువాత లేచి తానే వంటింట్లోకి వచ్చి "ఇంకా ఉందా అమ్మా" అని అడిగారు. ఈ ఇంటికి వచ్చాక ఆయన వంటింట్లో అడుగు పెట్టడం ఇదే మొదలు.

పితికిన పప్పు సంగతి చదివి వినిపించాను. ఆయన చిన్నప్పుడు పాలమూరు వైపు అనపకాయలు ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తినేవారట. పప్పు తానే పితుకుతానన్నారు. మదనపల్లె అక్కా, కాయలు ఎక్కడ దొరుకుతాయి? ఏవి తీసుకోవాలి?

మదనపల్లె ఆడపడుచు | శుక్రవారం, రాత్రి 9:05

మీకు దగ్గరలో కూకట్‌పల్లి రైతు బజారు ఉంది, లేదంటే ఎర్రగడ్డ. ఏడు లోపల వెళ్లండి, ఎండెక్కితే మంచివి అయిపోతాయి. కాయను ముక్కు దగ్గర పెట్టుకోండి, ఘాటైన పచ్చి వాసన రావాలి. గింజ బయటికి గుండ్రంగా ఉబ్బి కనిపించాలి, తొక్క మాత్రం ఇంకా పచ్చగా ఉండాలి. పసుపు తిరిగిన కాయ వద్దు, ముదిరిపోయి పప్పు జారదు. మీ ముగ్గురికైతే కిలోన్నర తీసుకోండి, ఒలిస్తే పిడికెడు పిడికెడుగానే వస్తాయి. రాత్రి నానబెట్టేది ఫిల్టరు నీళ్లలోనే సుమా.